వాన ఆపిన పందెము

ఈత, సైకిలు, పరుగు: ఈ మూడింటిని ఒకదాని వెంట ఒకటిగా, నడుమ విశ్రాంతి లేకుండా ముగించే పందెమును ట్రయథ్లాన్ అంటారు. పేరు గ్రీకు మాటలతో కూర్చినదే గాని, ఆట మాత్రము ఇటీవలిది. 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియాగో నగరమున, మిషన్ బే ఒడ్డున, ఒక పరుగుల సంఘమువారు దీనిని మొదట నడిపినారు. 2000లో సిడ్నీ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానము లభించినది. ఆ క్రీడలలో ఒకటిన్నర కిలోమీటరు ఈది, 40 కిలోమీటర్లు సైకిలు తొక్కి, 10 కిలోమీటర్లు పరుగెత్తవలెను. పిల్లలకు వయసునుబట్టి ఈ దూరములను బాగా తగ్గిస్తారు. ఇప్పుడు మన నగరములలోను పిల్లల పందెములు జరుగుతున్నవి; మన యిండ్ల బిడ్డలు వానిలో పాల్గొంటున్నారు.

పొదటూరుపేటలో పెరిగిన నావంటివారికి ఈ మూడింటిలో ఏదియు అపరిచితము కాదు. వీపున బెండ్లు కట్టించుకొని బావిలో ఈత నేర్చినాము. గంటకింత అని అద్దెకు తెచ్చిన పెద్ద సైకిలు మీద కూర్చుంటే కాళ్ళు అందక, అడ్డకమ్మీ క్రిందినుండి కాలు దూర్చి తొక్కినాము. ఇక పరుగు ఒకరు నేర్పగా వచ్చినది కాదు. వాన వస్తే ఆ ఆటలు ఆగిపోయేవి. అందుకు మేము దుఃఖించలేదు. రేపు కూడ బావి అక్కడనే ఉంటుంది గదా! నేటి పిల్లల ఆటకు తేదీ ఉన్నది, రుసుము ఉన్నది, చొక్కా మీద అంకె ఉన్నది, చివర పతకము ఉన్నది. నెలల తరబడి సాధన చేసిన బిడ్డకు ఆ ఒక్క దినము వాన పాలైనచో, ఆ నష్టము చిన్నది కాదు. అట్టి వేళ పెద్దలమైన మనము ఆ బిడ్డకు ఏమి చెప్పవలెను?

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో ఎదురైనది కాదు. నా మనుమరాలికి పదేండ్లు. చెన్నపట్టణమున నా కుమారుని యింట పెరుగుతున్నది. ఒక స్వాతి కార్తెలో, ఆదివారము ఉదయము, ఆ అమ్మాయి పందెము చూడ నేనును వెళ్ళినాను. కొలనులో ఈతను చక్కగా ముగించినది. తడి బట్టలతోనే తలకు హెల్మెట్ పెట్టుకొని సైకిలెక్కినది. రెండు చుట్లు తిరిగినదో లేదో, సముద్రము వైపు మబ్బు కమ్మినది, ఉరుము వినబడినది. నిర్వాహకులు ఈలలు ఊది, పిల్లలనందరిని సైకిళ్ళు దింపి, దగ్గరి భవనములోనికి తరలించినారు. అరగంటకు పైగా వేచినాము. ఉరుములు ఆగలేదు. పందెము ఇంతటితో సరియని చెప్పినారు.

అప్పుడు పిల్లలకంటె పెద్దలే ఎక్కువ అలజడి చేసినారు. "ఇక మిగిలినది కాస్త పరుగే గదా, తడిస్తే ఏమౌతుంది?" అని ఒక తండ్రి వాదించినాడు. రుసుము కట్టిన మాట మరియొకరు ఎత్తినారు.

తడిసినందున ఏమియు కాదు, భయపడవలసినది పిడుగునకు. మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు సెకనులు లెక్కించి మూడుచే భాగించినచో, పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున ఉన్నదో ఇంచుమించుగా తెలుస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది గనుక. 30 సెకనులలోపల ఉరుము వినబడినదంటే, అది పది కిలోమీటర్ల లోపల ఉన్నదన్నమాట. వెంటనే గట్టి భవనములోనికి చేరవలెను. కడపటి ఉరుము తరువాత 30 నిమిషములు గడుచువరకు బయటికి రాగూడదు. నీటిలో ఉండరాదు, చెట్టు క్రింద నిలువరాదు. పైగా తడి రోడ్డు మీద బ్రేకు పట్టినను సైకిలు వెంటనే నిలువదు, మలుపులో జారుతుంది. పదేండ్ల పిల్లలు గుంపుగా పోవుచుండగా ఒకరు పడితే, వెనుకవారు కూడ పడతారు.

లోకమంతయు చూచుచున్న పందెము సైతము వానకు తలవంచినది. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు సేన్ నదిని శుభ్రపరచుటకు సుమారు 140 కోట్ల యూరోలు వ్యయము చేసినారు. ప్రారంభోత్సవపు రాత్రి పెద్ద వాన కురిసినది. మురుగు కలిసి నదినీరు చెడినందున జూలై 28, 29 తేదీల ఈత సాధనలు రద్దైనవి. 30న జరుగవలసిన పురుషుల ట్రయథ్లాన్ 31కి వాయిదా పడినది. నాలుగేండ్లు సాధన చేసినవారు ఒక దినము ఆగినారు. ఆగినందున ఆ పందెము విలువ తగ్గలేదు.

మా ప్రాంతమువారికి ఈ పాఠము నది నేర్పినదే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు మారినది. ఎల్ల మారినది గాని కుశస్థలి నది మారలేదు. 2021 నవంబరులో ఎగువన చిత్తూరు జిల్లాలో కురిసిన వానలకు అది పొంగి, పళ్ళిపట్టు వైపు రాకపోకలు తెగిపోయినవి. మన నెత్తిన చినుకు పడకున్నను నది పొంగవచ్చును. వంతెన మీద నీరు పారుతుండగా, తొందర పని ఉన్నవాడును ఒడ్డుననే నిలుస్తాడు. వానిని ఎవరూ పిరికివాడనరు.

ఆనాడు ఇంటికి పోవుచుండగా, "ఓడిపోయినానా తాతా?" అని మనుమరాలు అడిగినది.

"లేదమ్మా."

"అట్లయితే గెలిచినానా?"

"అదీ లేదు."

"మరి నేనేమి చేసినట్టు?"

మా వీథిలో పడుగు పరచిన సంగతి అప్పుడు చెప్పినాను. చేమగ్గముల కాలమున, తెల్లవారుజామున వీథి పొడుగునా పడుగు సాగదీసి, గంజి పెట్టి, ఇద్దరు చెరియొక వైపున కుంచెతో దువ్వుతూ పోయేవారు. ఎండ ఎక్కులోపల ఆరవలెను. నడుమ వాన మబ్బు కనబడితే, ఎంత పని అయినను సరే, అందరు పరుగున వచ్చి పడుగు చుట్టి లోపల పెట్టేవారు. తడిసినచో గంజి కారి, నూలు అంటుకొని, ఆ పడుగు మగ్గమునకు పనికిరాదు. చుట్టి పెట్టినది చెడిన పడుగు కాదు. నేసిన గుడ్డయు కాదు. అది దాచిన పని. ఎండ వచ్చిన దినమున మళ్ళీ పరుస్తారు.

"అయితే నా పరుగు దాచి పెట్టినట్టా?" అన్నది. ఔనన్నాను. వచ్చిన పిల్లలందరికి పంచిన పతకము ఆమె చేతిలో ఉన్నది. దానిని మెడలో వేసుకొనలేదు. పరుగెత్తిన తరువాత వేసుకుంటానని పెట్టెలో పెట్టినది. వద్దని నేననలేదు. చేయని పనికి పొగడ్త అక్కరలేదని పదేండ్ల బిడ్డకు తోచినప్పుడు, తాతకు చెప్పవలసినది ఏమున్నది?

అక్టోబరునుండి డిసెంబరువరకు ఈశాన్య ఋతుపవనములు తమిళనాటికి ఏటి వానలో దాదాపు సగము తెచ్చి యిస్తవి. మన చెరువులకు అదియే ప్రాణము. ఆ నెలలలో పిల్లల క్రీడలు జరిపేవారు రెండవ తేదీ ఒకటి ముందే నిర్ణయించి చెప్పుట మంచిది. తలిదండ్రులు ఈత, సైకిలు నేర్పించుటతోపాటు మెరుపునకు ఉరుమునకు నడుమ సెకనులు లెక్కించుట కూడ నేర్పవలెను. ఆపుమని చెప్పినవారి మీద బిడ్డల యెదుట కేకలు వేయరాదు. ఎంత శ్రమించినను కొన్ని దినములు మన చేతిలో ఉండవని, అట్టి దినమున ఆగుటయు ఒక నేర్పేనని బిడ్డకు చిన్ననాడే తెలిసినచో, రేపు పంట పోయిన దినమునను, వ్యాపారము నిలిచిన దినమునను ఆ బిడ్డ కుంగిపోక, మబ్బు విడుచుటకై ఎదురు చూడగలదు.