కోరంగి అన్న పేరు

కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరుతో రంగూనులో మన పెద్దలను ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఆ పిలుపులో చులకన ఉండేది. మేస్త్రీ ఇచ్చిన బయానా అప్పు తీర్చడానికి వారు రేవులో బస్తాలు మోశారు.

1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొని, సమ్మె ముగియగానే తొలగించారు. 26వ తేదీన అల్లర్లు చెలరేగాయి. మనవారు ఎందరో మరణించారు. ఇరుపక్షాలదీ ఆకలి బాధే. మిగిలినవారు మళ్లీ రేవుకే వెళ్లి బస్తా భుజానికెత్తుకున్నారు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు నగరంపై బాంబులు కురిపించాయి. ఓడలో చోటు దొరకని పేదలు అరకాను కొండల మీదుగా, తమూ దారిన మణిపురం వైపు కాలినడకన సాగారు. బర్మాను విడిచిన భారతీయులు లక్షలలో ఉన్నారు. కలరాకు, ఆకలికి దారిలోనే రాలిపోయినవారు వేలమంది.

సాయంకాలపు తెలుగు తరగతిలో ‘ధైర్యం’ అనే మాటతో వాక్యం రాయమంటే మేమందరం రాజుల పేర్లే రాశాము. బిడ్డను చంకనెత్తుకొని కొండ ఎక్కిన తల్లి పేరు మాకెవరికీ తెలియదు. చిన్ననాడు ‘కోరంగీ’ అంటే తలవంచుకున్నవాళ్లం మేము. నేడు ఆ మాటను మా పిల్లల చేత తెలుగు అక్షరాలలో రాయిస్తున్నాము. మీ ఇంటి పెద్దలు ఏ దారిన నడిచారో, వారుండగానే అడిగి రాసిపెట్టండి.