గుప్పెడు ఇంజిన్‌... గంట పరుగు!

జపాన్‌లోని ఒసాకా... రిమోట్‌ కార్ల ప్రియులకు పుట్టింటి లాంటి ఊరు. షిగియో ఒగావా 1936లో ఓ.ఎస్‌. ఇంజిన్ల సంస్థను మొదలుపెట్టింది అక్కడే. ఆ సంస్థ చేసే నైట్రో ఇంజిన్లలో కొన్ని మట్టి ట్రాకుల మీద గంతులేసే 1/8 సైజు కార్ల కోసమే. అంతర్జాతీయ పోటీల్లో వీటి ఇంజిన్‌ 3.5 సీసీ దాటకూడదు. ట్యాంకు 125 సీసీలే. ప్రపంచ పోటీల ఫైనలేమో గంటసేపు!

అందుకే ఇంజిన్‌ ఎంచుకునేటప్పుడు వేగం ఒక్కటే చూస్తే పప్పులో కాలేసినట్టే. మలుపు తిరగ్గానే గట్టిగా లాగాలి. మిథనాల్‌, నైట్రోమీథేన్‌, నూనె కలిపిన ఇంధనాన్ని పొదుపుగా వాడాలి. లేదంటే మాటిమాటికీ ఇంధనం కోసం ఆగాల్సిందే. ఈలోగా వెనకున్న కారు దూసుకెళ్లిపోతుంది!

అన్నట్టు, కొత్త ఇంజిన్‌ను తెచ్చీ తేగానే దౌడు తీయించకూడదు. కొత్త బైకులాగే మొదట నెమ్మదిగా నడపాలి.