బండి యెత్తు

తమ్మిలేరు, బుడమేరు పొంగినపుడు కొల్లేటి లంకల బాటలు మునుఁగును. రోగులను ఏలూరు చేర్చుటకై అచ్చటి మా పూర్వశిష్యుఁ డొకఁడు, నాలుగు చక్రములకును ఇంజను బలమందు జీపును గొనెను. పెద్ద టైర్లకై బండిని మూఁడంగుళము లెత్తుమని తాడేపల్లిగూడెపు మెకానిక్కు చెప్పఁగా, ఆంగ్లపుస్తికతో మాకడకు వచ్చెను.

చట్రమునకును పైకట్టునకును నడుమ దిమ్మలు పెట్టుట చౌక. పొడవైన స్ప్రింగులు వేయుట ఖరీదు. ఈ రెంటిలో నేదియు వెనుక యిరుసును నేలనుండి లేపదు. ఆ పని టైరుదే. టైరు వ్యాసము రెండంగుళములు పెరిగిన, ఇరుసు లేచునది యొక్క యంగుళమే! తక్కినదంతయు ఠీవి. చేఁపలచెఱువుల గట్లు ఇఱుకు. వానకు నల్లమన్ను జాఱును. బరువు పైకి పోయిన బండి రోగితోఁ గూడ నీటఁ బడును. గట్టు నెత్తవలసినచోట బండి నెత్తుట మనవారికి వింతగాఁ దోఁపదు.

మఱియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షనులో, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమగు మార్పులను నిషేధించుచున్నది. 2019లో సుప్రీంకోర్టును అట్లే తీర్పు చెప్పెను.

అందుచే బండి నెత్తవలదంటిమి. తయారీదా రొప్పిన కొలతలోనే లోఁతైన గాళ్లుగల టైర్లు వేయించి, బురదలోఁ గొంత గాలి దీసి, గట్టిబాట యెక్కఁగానే మరల నింపుటకుఁ బంపొకటి బండిలో నుంచుకొమ్మంటిమి.