స్ప్రింగ్స్ పల్లెలో ఒక చిత్రకారిణి ఇల్లు

బిడ్డలను చూడటానికి అమెరికా వెళ్ళే మనవారు న్యూయార్కులో ఆకాశమంటే మేడలూ, రేవులోని స్వేచ్ఛాదేవి విగ్రహమూ చూచి తిరిగి వస్తారు. చూడదగినవే. అయితే ఒక పూర్తి రోజు తీరిక ఉండి, చిత్రకళ మీద కొద్దిపాటి మక్కువ ఉన్నవారు లాంగ్ ఐలండు రైలెక్కి తూర్పుగా సుమారు నూరు మైళ్ళు పోతే ఈస్ట్ హాంప్టన్ అనే ఊరు వస్తుంది. అది ధనికుల వేసవి విడిది. అక్కడినుండి రోడ్డు దారిన మరికొన్ని మైళ్ళు పోతే స్ప్రింగ్స్. ఇది ఒకప్పుడు చేపలు పట్టేవారి పల్లె. ఫైర్‌ప్లేస్ రోడ్డు ప్రక్కన, వెనుక అకాబొనాక్ ఉప్పుటేరు కనిపించేటట్లుగా, చెక్క పెంకులు కప్పిన పాత ఇల్లు ఒకటి ఉన్నది. 1879లో కట్టినది. ఇప్పుడది పోలక్-క్రాస్నర్ పేర ప్రదర్శనశాల.

వచ్చేవారిలో చాలామంది జాక్సన్ పోలక్ కోసం వస్తారు. కాన్వాసును నేలమీద పరచి, చుట్టూ తిరుగుతూ దానిమీద రంగులు చిలికించి లోకాన్ని విస్మయపరచిన చిత్రకారుడాయన. రూపాన్ని విడిచి, మనస్సులోని వేగాన్నే రంగుగా మార్చే ఈ నైరూప్య చిత్రకళకు అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజమని పేరు. నేను చెప్పబోయేది మాత్రం ఆ రెండవ పేరు గల ఆవిడ సంగతి. ఆమె లీ క్రాస్నర్, పోలక్ భార్య. ఈ వరస ఎవరు పెట్టారో గాని, ఆమె జీవితమంతా దీనితోనే పెనగులాట.

ఆమె 1908 అక్టోబరు 27న బ్రూక్లిన్‌లో పుట్టింది. తలిదండ్రులు ఇప్పటి యుక్రెయిన్ ప్రాంతంనుండి వలస వచ్చిన యూదులు, చేపలమ్మి బ్రతికినవారు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష. ఈ పత్రిక చదివే కుటుంబాలకు అదెట్లా ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. చిన్నప్పుడు హీబ్రూ అక్షరాలు దిద్దింది. ఆ లిపి కుడినుండి ఎడమకు సాగుతుంది. భాష మరుగున పడ్డా చేతి అలవాటు పోలేదేమో, పెద్దయిన తరువాత కాన్వాసును కూడా కుడివైపునుండే మొదలుపెట్టేదట.

నేషనల్ అకాడమీలో చదువుకొనేటప్పటి ముచ్చట ఒకటి ఉన్నది. చేపలను చూచి చిత్రించే పాఠం అక్కడ నేలమాళిగలో జరిగేది. అవి చెడిపోకుండా ఉండటానికి ఆ చల్లదనం కావాలి. ఆడపిల్లలకు అక్కడ ప్రవేశం లేదు. ఈమె స్నేహితురాలితో కలిసి దిగిపోయింది, శిక్ష అనుభవించింది. చేపల అంగడిలో పెరిగిన పిల్లకు చేపను చూచి బొమ్మ వేయరాదని కట్టడి! అంతకంటె విడ్డూరం మరొకటి. తండ్రిగారి ఇంటి తోటలో చెట్టుకు అద్దం మేకుతో కొట్టి, అందులో చూచుకుంటూ తన రూపాన్ని తానే చిత్రించి పరీక్షకు పంపితే, ఇది ఆరుబయట వేసినదని పెద్దలు నమ్మలేదు. తరువాత 1937 నుండి హాన్స్ హాఫ్‌మన్ అనే గొప్ప గురువు వద్ద చేరింది. ఆయన ఒకనాడు ఆమె పని చూచి, ఇది ఆడది వేసినదని ఎవరూ అనుకోరన్నాడు. ఆయన దృష్టిలో అది మెప్పుకోలు!

1942లో ఒక ప్రదర్శనలో ఇద్దరి చిత్రాలూ పెట్టవలసి వచ్చినప్పుడు పోలక్‌తో పరిచయం బలపడింది. 1945 అక్టోబరులో పెళ్ళి. వెంటనే స్ప్రింగ్స్ వచ్చారు. ఇంటి వెల అయిదు వేల డాలర్లు. అందులో రెండు వేలు పెగ్గీ గుగ్గెన్‌హైమ్ అనే కళాపోషకురాలు అప్పిచ్చింది. ఇంట్లో స్నానాలగది లేదు, చలికి వెచ్చచేసే ఏర్పాటూ లేదు. ఇంటి వెనుక చెక్కల కొట్టం ఒకటి ఏటి చూపుకు అడ్డంగా ఉండేది. దానిని 1946లో ప్రక్కకు జరిపించి భర్త స్టూడియోగా చేసుకొన్నాడు. భార్యకు మేడమీది పడకగది మిగిలింది.

ఆ గదిని చూచినప్పుడే నాకు ఆమె తొలి చిత్రాల కొలతలు అర్థమైనాయి. గోడకు ఎంత చోటుంటే అంతే కాన్వాసు. 'లిటిల్ ఇమేజెస్' అని పిలిచే చిన్న చిత్రాలు ముప్పైకి పైగా అక్కడ వేసింది. దగ్గర దగ్గరగా పేర్చిన గుర్తులు. చూస్తే ఎవరికీ చదవరాని తాళపత్రంలాగా ఉంటాయి. అదే రోజులలో, 1947లో, పాత బండిచక్రపు చట్రంలో పగిలిన గాజునగలు, తాళపు చెవులు, నాణేలు పొదిగి బల్లలు కూడా చేసింది. లేమిలోనూ చేయి ఊరకుండలేదు.

భర్త కోసం ఆమె తన కళను వదులుకొన్నదని కొందరు జాలిపడతారు. నాకు ఆ మాట పూర్తిగా రుచించదు. ఆయన ప్రతిభను అందరికంటె ముందు గుర్తించి నలుగురికీ చూపినది నిజమే. ఆయన త్రాగుడుతో వేగినదీ నిజమే. కాని పని ఏనాడూ మానలేదు. 1951లో న్యూయార్కులో తన చిత్రాలు ప్రదర్శనకు పెడితే ఒక్కటీ అమ్ముడుపోలేదు. 1953లో ఒకనాడు విసుగెత్తి గోడల నిండా ఉన్న తన నలుపు-తెలుపు బొమ్మలను చించి నేల పాలు చేసి, తలుపు మూసి వెళ్ళింది. కొన్ని వారాలకు తలుపు తీసి చూస్తే ఆ ముక్కల గుట్టలోనే కొత్త అందం కనిపించింది. వాటిని, అమ్ముడుపోని పాత కాన్వాసులనూ కలిపి అతుకుల చిత్రాలు చేసింది. 1955లో వాటినే ప్రదర్శనకు పెట్టింది.

1956 ఆగస్టు 11 రాత్రి పోలక్ ఆ ఊరి రోడ్డుమీదనే కారు ప్రమాదంలో మరణించాడు. కారులో ఉన్న ఒక యువతి కూడా మరణించింది. క్రాస్నర్ అప్పుడు యూరప్‌లో ఉన్నది. వార్త విని పారిస్ నుండి పరుగున వచ్చింది.

మరుసటి సంవత్సరం ఆమె కొట్టంలోకి మారింది. భర్త పోయిన చోట నిలబడి పని చేయటం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అయితే ఆ పెద్ద గోడ దొరకగానే చిత్రం కూడా పెరిగింది. 1957లో వేసిన 'ది సీజన్స్' వెడల్పు పదిహేడు అడుగులకు ఏమాత్రం తగ్గదు. ఆకులు, కాయలు, గులాబి రంగు, పచ్చదనం. దుఃఖంలో ఉన్న మనిషి వేసినదంటే నమ్మటం కష్టం. దుఃఖం తరువాత వచ్చింది. 1959లో తల్లి పోయింది, నిద్ర పట్టటం మానింది. రాత్రుళ్ళు దీపాల వెలుతురులో పని చేయవలసి వచ్చింది. ఆ వెలుతురులో రంగులు సరిగా తెలియవని వాటిని ప్రక్కన పెట్టి గోధుమరంగూ తెలుపులతోనే మూడు సంవత్సరాలు గడిపింది. పొట్టి మనిషి. పొడుగు పిడి కుంచె పట్టుకొని, పై అంచులు అందుకోవటానికి ఎగిరెగిరి వేసేదట. అప్పటి చిత్రాలలో 1960 నాటిదొకటి 2019లో వేలంలో కోటి డాలర్లకు పైగా పలికింది. 1951లో ఒక్కటీ కొనని ఊరే అది!

కొట్టంలోకి పోవాలంటే చెప్పులు విడిచి, వారిచ్చే మెత్తని పాదరక్షలు తొడుక్కోవాలి. నేలంతా పోలక్ చిలికించిన రంగుల చారలు. 1953లో నేలమీద పలకలు వేయించగా ఇవి అడుగున భద్రంగా ఉండిపోయి, ప్రదర్శనశాల కోసం పలకలు తీసినప్పుడు బయటపడ్డాయి. అందరూ తల వంచి నేల చూస్తారు. ఒక్క క్షణం తల ఎత్తితే గోడలమీద కూడా రంగులు కనిపిస్తాయి. క్రాస్నర్ కాన్వాసును గోడకు తగిలించి వేసేది గనుక, అంచులు దాటిన కుంచె గుర్తులవి.

లండన్ వైట్‌చాపెల్ గ్యాలరీ 1965లోనే ఆమె కృషినంతా ఒకచోట ప్రదర్శించింది. స్వదేశంలో అటువంటి సమగ్ర ప్రదర్శన 1983లో హ్యూస్టన్‌లో జరిగింది. న్యూయార్కు మోడరన్ ఆర్ట్ మ్యూజియానికి అది 1984 డిసెంబరులో వచ్చేటప్పటికి ఆమె లేదు. ఆ జూన్ 19న కన్నుమూసింది. ఆమె ఆస్తితో 1985లో ఏర్పడిన సంస్థ అనేక దేశాల కళాకారులకు ధనసహాయం చేస్తున్నది. ఇంటిని 1988 నుండి స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయం వారు ప్రజలకు చూపుతున్నారు.

వెళ్ళదలచినవారు శీతాకాలంలో వెళ్ళవద్దు, మూసి ఉంటుంది. ముందుగా వ్రాసి సమయం అడగటం మంచిది. తిరిగి వచ్చేటప్పుడు గ్రీన్ రివర్ శ్మశానం దగ్గర కాసేపు ఆగండి. పోలక్ సమాధిమీద పెద్ద బండరాయి ఉన్నది. దాని సమీపంలోనే మరొక రాయి, దానికంటె చిన్నది. దానిమీద ఆమె పేరున్నది.