పికప్పు బండి చప్పుడు

పచ్చళ్లను గూర్చియో, పాపల పెంపకమును గూర్చియో వ్రాయవలసిన చోట పికప్పు బండి చక్రములను గూర్చి వ్రాయుచున్నానని నవ్వుకొనవలదు. మా యింట అన్నము పెట్టునది ఆ బండియే. నూజివీడు తోటలనుండి మామిడికాయలను నున్న మార్కెట్టునకు చేరవేయుట మావారి పని. వేసవి రాత్రులందు వారికి నిద్ర యుండదు; వారు తిరిగి వచ్చువరకు నాకును ఉండదు.

2023 వేసవిలో ఒకనాటి తెల్లవారుజామున బండి మా వాకిటికి మలుపు తిరుగుచుండగా ఎడమవైపు ముందుచక్రము కడ 'టప్పు' మని చప్పుడైనది. "ఏమండీ, ఆ చప్పుడేమి?" అంటిని. "పాతబండి పలుకక యేమిచేయును?" అని వారు స్నానమునకు పోయిరి. నేను పోరగా పోరగా మెకానిక్కునకు చూపిరి. అతడు షాకబ్జార్బర్లు రెండును మార్చి తొమ్మిదివేలు పుచ్చుకొనెను. చప్పుడు పోలేదు. రెండవమారు జాకీతో లేపి, చక్రము నూపి చూచి, ఏమియు లేదని పంపివేసెను.

కుండ కొనునప్పుడు వ్రేలితో కొట్టి, పలుకును బట్టి బీటను కనిపెట్టుదుము గదా! ఆ చెవితోనే దీనిని విందమనుకొంటిని. చక్రములకు రాళ్లు అడ్డువేయించి, ఇంజను నడుచుచుండగా వారిచే స్టీరింగును ఇటునటు త్రిప్పించి, కొంగు నడుమున బిగించి చక్రము ప్రక్కన కూర్చుంటిని. టైరాడ్డు చివరి కీలుపై చేయి వేసితిని, అది అదరలేదు. బాల్ జాయింటు అను దిగువ కీలుపై వేయగా, చప్పుడైన ప్రతిమారును లోపల నెవరో గిల్లినట్లు అదరెను.

లారీల షెడ్డులో పనిచేయు మా తమ్మునికి ఫోను చేసితిని. "అక్కా, రెండు చక్రములును సమముగా స్పీడుబ్రేకరు ఎక్కినప్పుడు వచ్చుచున్నదా, ఒక్కటి గుంతలో పడినప్పుడే వచ్చుచున్నదా?" అని యడిగెను. రెండు విధములను వచ్చుచున్నదంటిని. "అయినచో స్టెబిలైజరు లింకు కాకపోవచ్చును, చక్రములు రెండును సమముగా లేచినప్పుడు ఆ కడ్డీ మెలిపడదు. జాకీని ఛాసిస్ క్రింద పెట్టవలదు. అట్లు పెట్టినచో స్ప్రింగు బిగువునకు కీలు బిగిసి, అరుగుదల దాగిపోవును. దిగువ ఆర్ము క్రింద పెట్టించుము" అనెను.

వేరొక షెడ్డులో అట్లే చేయించి, టైరు క్రింద గడ్డపలుగు దూర్చి ఎత్తించితిమి. చక్రము పైకి లేచి 'టప్పు' మనెను! విప్పి చూడగా రబ్బరు తొడుగు చినిగి, లోనికి నీరు చేరి, గ్రీజు పోయి, గుండు తుప్పుపట్టి యుండెను. అది ఊడినచో చక్రము ప్రక్కకు ఒరిగిపోవును. ఇక స్టీరింగు చేతిలో నున్నను లేనట్లే. మావారు ఆ కీలును పట్టుకొని చాలసేపు మాటాడలేదు. ఆ రాత్రి బేరము తామే మానుకొనిరి.

కొత్త కీలు వేయించి, అలైన్‌మెంటు సరిచేయించుటకు షాకబ్జార్బర్లకు పోసిన దానిలో సగమైనను కాలేదు. ఆ తొమ్మిదివేలను తలచుకొన్న నా మనసు ఇప్పటికిని చివుక్కుమనును.

ఇప్పుడు వారు బయలుదేరుటకు ముందు స్టీరింగును ఒకమారు ఇటునటు త్రిప్పి, "ఏమైన వినబడినదా?" అని నన్నడుగుదురు. మొన్న వెనుకవైపు 'కిర్రు' మనినది. కమానుకట్టల బుష్షులు కాబోలు, ఆదివారము చూడవలెను.