చల్తే ఫిర్తే

మా అమ్మీ ప్రతి నమాజు తర్వాత చేతులెత్తి అడిగే దుఆ ఒక్కటే: "యా అల్లా, చల్తే ఫిర్తే ఉఠా లే, కిసీకా మొహతాజ్ నక్కో కర్." నడుస్తూ తిరుగుతూ ఉండగానే తీసుకుపో, ఎవరి మీదా ఆధారపడనీయకు అని. మన ఇళ్లలో పెద్దవాళ్లందరి నోటా ఉండే దుఆనే. చిన్నప్పటి నుంచీ వింటున్నా, దాని వజన్ నాకు తెలిసింది మొన్నటి చలికాలంలో.

డిసెంబరు నెల. ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే కదా. ఫజర్ అజాన్‌కి ఇంకా గంట ఉందనగా అమ్మీ తహజ్జుద్‌కి లేచింది. మా నిద్ర ఖరాబ్ అవుతుందని లైటు వేయలేదు. గుసుల్‌ఖానాలో వజూ చేస్తూ, ఆఖరున కాలు కడగడానికి ఒంటికాలి మీద నిలబడి వాష్ బేసిన్ అంచు పట్టుకుంది. చప్పుడు విని నేను వెళ్లేసరికి తడి టైల్స్ మీద పడి ఉంది. దుపట్టా సర్దుకుంటూ "కుచ్ నై హువా, తూ సో జా" అంటోంది. తుంటి ఎముక విరిగింది.

ఆ టైల్స్ నేను వేయించినవే. అంతకుముందు అక్కడ గరుకు షాబాదు బండలుండేవి. కూర్చుని కాళ్లు కడుక్కోవడానికి గోడ పక్కన చిన్న అరుగు. చెల్లి నికాహ్‌కి మెహమాన్లు వస్తారు, పాత ఇల్లు చూసి ఏమనుకుంటారో అని అరుగు పగలగొట్టించి, అద్దంలా మెరిసే టైల్స్ పరిపించాను. "బైఠ్‌నే కూ జగా నై రహీ బేటా" అంది అమ్మీ ఒక్కసారి. నేను నవ్వేశాను.

ఆపరేషన్ చేసిన డాక్టరు అడిగినవి వేరు. ఏ మందులు వాడుతోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది, కళ్లద్దాలు మార్చి ఎన్నాళ్లయింది? బీపీ మాత్రలు వాడేవాళ్లు పడుకున్నచోటి నుంచి దిగ్గున లేస్తే రక్తం కాళ్లలోకి దిగి, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయట. పలంగ్ అంచున కాసేపు కూర్చుని, ఆ తర్వాతే నిలబడాలి. మూత్రం ఎక్కువ వచ్చే మాత్రని అమ్మీ ఇషా తర్వాత వేసుకునేది. డాక్టరు దాన్ని పొద్దుటికి మార్చారు. రోజూ కాసేపు ఎండలో కూర్చోబెట్టమన్నారు. ఎండ తగలక విటమిన్ డి తగ్గితే ఎముకలు, కండరాలు రెండూ బలహీనపడతాయి. గోషాలో బతికిన మన పెద్ద ఆడవాళ్లకి ఆ కమీ ఎంత ఉంటుందో వేరే చెప్పాలా?

అరుగు మళ్లీ కట్టించాను, ఈసారి కుర్సీ ఎత్తున. పక్కన గోడలోకి డ్రిల్ చేయించి గట్టి స్టీలు రాడ్ పెట్టించాను. తువ్వాలు ఆరేసే రాడ్ మనిషి బరువుకి ఊడి చేతికొస్తుంది, దాన్ని నమ్మకండి. కింద రబ్బరు మ్యాట్, పలంగ్ నుంచి గుసుల్‌ఖానా దాకా రాత్రంతా చిన్న బల్బు. అరిగిన హవాయి చెప్పులు పారేశాను. అంచు మడత పడే శత్రంజీ చుట్టేసి అటక మీద పెట్టాను.

చన్నీళ్ల బాధ తప్పుతుందని మౌలానా సాబ్ తోలు మోజేలు చెప్పారు. పూర్తి వజూతో తొడుక్కుంటే, ఇంట్లో ఉండేవాళ్లు ఒక పగలు, ఒక రాత్రి వాటి మీద మసహ్ చేసుకోవచ్చు. ఒంటికాలి మీద నిలబడే పనే ఉండదు. అయితే నున్నటి తోలు టైల్స్ మీద జారుతుంది. అది అమ్మీనే కనిపెట్టింది. ఇప్పుడు వాటిపైన గ్రిప్ ఉన్న చెప్పులు వేసుకుంటుంది.

రమజాన్ కూడా ఏటా పదీ పదకొండు రోజులు ముందుకి జరుగుతూ చలికాలంలోకి వస్తోంది. 2030లో అయితే జనవరిలో ఒకటి, డిసెంబరులో ఇంకొకటి మొదలవుతాయి. సెహరీకి చీకట్లో లేచే పెద్దవాళ్లు ఎన్ని ఇళ్లలో ఉంటారో!

అన్నిటికంటే కష్టమైంది కుర్సీ మీద నమాజు. "వో బుడ్ఢియాఁ కా కామ్ హై" అంది డెబ్బై నాలుగేళ్ల అమ్మీ. నేల మీద సజ్దా చేయలేనని మొదటి రోజు కుర్సీలో కూర్చుని ఏడ్చింది. ఎముక విరిగినప్పుడు ఏడవలేదు.

పలంగ్ పక్కన కాలింగ్ బెల్ పెట్టాను. ఇంతవరకు ఒక్కసారీ నొక్కలేదు. అందుకే నేనే నాలుగున్నరకి అలారం పెట్టుకుని లేస్తున్నాను. గుసుల్‌ఖానా బయట నిలబడి, నా వంతు కోసం చూస్తున్నట్టు దగ్గుతుంటాను.

మొన్న లోపలి నుంచి అడిగింది, "క్యా రే, కబ్ సే తహజ్జుద్ కా శౌక్ హోగయా తేరే కూ?"

"బస్ అమ్మీ, ఐసేచ్" అన్నాను.