అద్దాల వెనక కారు, ఇంటి వెనక బండి

 

పోయిన ఆదివారం కోచింగ్‌కు సెలవు దొరికింది. మేము నలుగురం, అందరం ఆదిలాబాద్ ఏజెన్సీ వాళ్ళమే, చార్మినార్ చూసి, లాడ్ బజార్ మీదుగా నడుచుకుంటూ చౌమహల్లా ప్యాలెస్‌కు పోయాం. దర్బార్ హాలు, గాజు దీపాలు చూశాక నిజాముల పాత కార్లు పెట్టిన చోటుకు వచ్చాం. చిన్న చోటే. కానీ మేము ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

అద్దాల వెనక పసుపు రంగు రోల్స్ రాయిస్. సిల్వర్ ఘోస్ట్ అనే రకం, 1911 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకున్నదట. ఆ ఏడాదే ఆయన పోయాడు, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. ఊరేగింపుల కారు కాబట్టి పెద్దగా తిరిగింది కూడా లేదంటారు. అప్పటి కార్లకు సెల్ఫ్ స్టార్టర్ లేదు. ముందు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాల్సిందే. ఇంజన్ వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. అమెరికాలో కాడిలాక్ కంపెనీ 1912 మోడల్ నుంచి కరెంటు స్టార్టర్ పెట్టాక మెల్లగా ఆ బాధ తప్పింది.

"మా బాయి కాడి డీజిల్ ఇంజన్ లెక్కనే గదా అన్నా!" అన్నాడు మాలో చిన్నవాడు, జైనూర్ వైపు తమ్ముడు. అందరం నవ్వాం.

తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ ఉస్మాన్ అలీ ఖాన్ బొమ్మనే 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని అట్ట మీద వేసింది. మూడేళ్ళు దాటాక, 1940లో, జోడేఘాట్‌లో ఆయన సర్కారు తుపాకులకే మన కుమ్రం భీం బలయ్యాడు. భీం అడిగింది కారు కాదు. దున్నుకునే భూమి, పశువులు మేసే అడవి. ఈరోజుకీ వాన పడితే వాగు అవతల అంబులెన్స్ ఆగిపోయే గూడేలు మనవి.

కోపం వచ్చింది, నిజమే. కానీ కారును ఎంత జాగ్రత్తగా పెట్టారో చూస్తుంటే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నూరేళ్ళు దాటినా దుమ్ము లేదు, తుప్పు లేదు. మరి మన తాతలు తిరిగిన బండ్లు ఎక్కడున్నాయి?

తమ్ముడి ఇంటి వెనక వాళ్ళ తాత ఎడ్లబండి ఉండేది. కేస్లాపూర్ నాగోబా జాతరకు ఇంటిల్లిపాదీ దాంట్లోనే పోయేవాళ్ళట. చక్రానికి ఇనుప పట్టా ఎట్లా ఎక్కిస్తారో తాత చెబితే విన్నాడు. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, కర్ర చక్రం మీద దించి, వెంటనే నీళ్ళు పోస్తారు. సల్లబడ్డ ఇనుము బిగుసుకుని, చక్రం ఆకులన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. మేకు గూడ అక్కర్లేదు. కారు చేసిన ఇంజనీరుది ఎంత తెలివో, ఇదీ అంతే తెలివి.

"ఆ బండి అమ్ముతా అంటున్నడు బాపు. హోటల్ ముంగట అలంకారానికి చక్రాలు కొంటున్నరట" అన్నాడు తమ్ముడు. అక్కడ్నుంచే ఫోన్ చేశాడు.

"బాపూ, బండి అమ్మకు."

"ఒక చక్రం పోయిన వారమే పోయింది బిడ్డా. రెండోది ఆకు ఇరిగిందని ఒద్దన్నరు. ఉన్నది."

"ఎందుకమ్మినవ్?"

"నీకు పంపిన పైసలు ఎక్కడియి అనుకున్నవ్?"

తమ్ముడు ఇంక మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. మేము హైదరాబాద్‌లో కూర్చుని చదువుతున్నది ఆ చక్రం మీదనే అని అప్పుడు తెలిసింది. బాపును తప్పు పట్టే హక్కు మాకెవరికీ లేదు.

అందుకే ఎవరినీ ఏదీ అమ్మొద్దని చెప్పడం లేదు. ఇల్లు గడవాలి, ఫీజు కట్టాలి. కానీ అమ్మేముందు ఒక ఫోటో తీయండి. ఇరుసు, కాడి, నొగ, శీల... ఒక్కోదాన్ని మన గోండిలో, కొలామిలో ఏమంటారో పెద్దవాళ్ళ గొంతుతో ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ కర్రతో చేశారు, ఎవరు చేశారు, ఏ జాతరకు పోయింది రాసిపెట్టండి. ఆ కారుకు కంపెనీ పేరు, ఏడాది ఉన్నాయి. మన బండికి ఇప్పటిదాకా ఏదీ రాయలేదు.

రాత్రి హాస్టల్‌కు వచ్చి, మిగిలిన ఆ చక్రానికి ఒక చీటీ రాద్దామని కూర్చున్నాం. ఊరు పేరు రాశాం. జాతర పేరు రాశాం. చేసిన వడ్లాయన పేరు దగ్గర ఆగిపోయాం. బాపుకు తెలియదట. తాతకొక్కడికే తెలుసు. తాతకు ఈమధ్య చూపు, వినికిడి రెండూ తగ్గాయి.

తమ్ముడు ఈ శనివారం ఊరికి పోతున్నాడు.